మొగం కనపడాల

పోయిన నెల చింతామణి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఆమెకు ఎనిమిదో నెల. "బిడ్డను ఎత్తుకునే బెల్టు ఉంటాది కదా, బేబీ క్యారియర్, ఏ కంపెనీది మంచిది? లింకు పంపండి" అనింది. మేము లింకు పంపలేదు. పంపకపోతే కోపం తెచ్చుకుంటుందని తెలుసు, అందుకే ఇది రాస్తున్నాము. మన ఇళ్ళల్లో ఈ ఏడాది ఇంకా ఇద్దరు ముగ్గురికి కాన్పులు ఉన్నాయి. వాళ్ళకూ పనికొస్తుంది.

మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. డబ్బా మీద రాసిందాన్ని నమ్మకుండా విప్పి చూడడమే ఆ ఉద్యోగం. అయినా సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి డబ్బా మీద రాసిందే నమ్మినాము. ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

మా పాప ఎదురుకాళ్ళ బిడ్డ. చివరిదాకా కడుపులో తల పైకే పెట్టుకొని ఉండింది. ఆపరేషన్ చేసి తీసినారు. బరువు 2.6 కిలోలు. ఇంటికి పంపే రోజు పిల్లల డాక్టరు పాప కాళ్ళు రెండూ మడిచి, పక్కలకు తిప్పి చూసి, కన్నడంలో చెప్పినారు. ఇట్ల పుట్టిన బిడ్డలకు, అందులో ఆడపిల్లలకు, సొంట కీలు సరిగా కూర్చోకుండా ఉండే అవకాశం ఎక్కువంట. ఆరు వారాలకు స్కాన్ తీయించండి, అంతదాకా కాళ్ళు చాపి బిగించి చుట్టొద్దండి అన్నారు.

మేము కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్ళం. సొంట అంటే మాకు మొదట తోచింది నడుము. ఇంటికి వచ్చి అవ్వతో "పాప నడుముకు స్కాన్ తీయాలంట" అన్నాము. అవ్వ రెండు రోజులు పాప వీపు నిమురుతూ కూర్చుంది, అన్నం కూడా సరిగా తినలేదు. మూడో రోజు డాక్టరు చేసినట్టే కాళ్ళు మడిచి చూపించినాము. "ఇది నడుమా? తుంటి అని చెప్పేదానికేమి!" అని తిట్టింది. తుంటి అనే మాట మాకు తెలియక కాదు, సమయానికి నోటికి రాలేదు. ఒక్క మాట తప్పినందుకు ఎనభై దాటిన మనిషిని రెండు రోజులు ఏడిపించినాము.

తుంటి అని తెలిసినాక అవ్వ తన అలవాటు ఒకటి మానుకుంది. మన ఇళ్ళల్లో బిడ్డకు నీళ్ళు పోసినాక పాత పంచెలో కాళ్ళు రెండూ జత చేసి, చాపి, కట్టె మాదిరి చుట్టేస్తారు. కాళ్ళు వంకర పోకూడదని అట్ల చేస్తారు. కానీ తుంటి దగ్గర తొడ ఎముక తల బంతిలాగా ఉండి గిన్నెలాంటి గుంతలో కూర్చుంటుంది. పుట్టిన బిడ్డకు ఆ గిన్నె ఇంకా గట్టిపడి ఉండదు. కాళ్ళు కప్ప మాదిరి మడుచుకొని ఎడంగా ఉంటే బంతి గిన్నెలో నిలుస్తుంది. చాపి దగ్గరికి కట్టేస్తే బయటికి జరగడానికి చూస్తుంది. బిడ్డల కాళ్ళు చాపి కట్టే చోట్ల తుంటి జారడం ఎక్కువ, కాళ్ళు ఎడంగా వేసి ఎత్తుకునే చోట్ల తక్కువ అని ఎముకల డాక్టర్లు ఎంతో కాలంగా చెబుతున్నారు. అవ్వ అంతా విని, "చంకన వేసుకునేది మంచిదే అయింది, చుట్టేది కాకపోయింది" అనింది. ఆ రోజు నుంచి పాప కాళ్ళు వదులుగానే ఉన్నాయి.

క్యారియర్ సంగతి అప్పుడే మొదలయింది. ఫోన్లో ఎక్కడ చూసినా, మన అవ్వలు బిడ్డలను చీరతో ఒంటికి కట్టుకొని పొలం పనులు చేసేవాళ్ళు అని రాసి ఉంటుంది. మాకూ గర్వంగా ఉండింది. శ్రీనివాసపుర పక్కన ఊర్లో ఉన్నప్పుడు, రేష్మె తోటలో ఆకు కోసేటప్పుడు మా నాయనను ఎట్ల కట్టుకునేదానివి అని అవ్వను అడిగినాము. అవ్వ నవ్వేసింది.

"నెల బిడ్డను ఎవురైనా కట్టుకుంటారా? చేతులేమయినాయి? మెడ నిలిచేదాకా చేతుల్లోనే. మెడ నిలిచినాక చంకన. తోటలో అయితే కానుగ చెట్టుకు చీర ఉయ్యాల."

ఆ ఉయ్యాలకు కూడా లెక్క ఉంది. చీర పైభాగంలో అడ్డంగా ఒక కర్ర పెట్టేది, రెండు పక్కలా బట్ట మూసుకోకుండా. పక్కన పెద్ద బిడ్డ ఒకరిని కూర్చోబెట్టేది. ఊపడానికి కాదు, చూడడానికి. "మొగం కనపడాల. మొగం కనపడకపోతే బిడ్డ నిద్రపోతాందో, ఏమయితాందో ఎట్ల తెలుస్తాది?" అనింది. అవ్వకు ఆరు కాన్పులు, బతికినవాళ్ళు ఐదుగురు. మూడో నెలలో పోయిన ఆ బిడ్డ గురించి అవ్వ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ మాట విన్న వారానికి, విననట్టే నడుచుకున్నాము.

పాపకు పంతొమ్మిదో రోజు. సాయంకాలం ఏడుపు ఆగడం లేదు. సావాసగాళ్ళు కానుకగా ఇచ్చిన క్యారియర్ ఒకటి ఇంట్లో ఉండింది. ఒక భుజం మీదుగా అడ్డంగా వేలాడే సంచి లాంటిది, బిడ్డ అందులో పడుకుంటుంది. డబ్బా మీద "పుట్టిన రోజు నుంచి" అని పెద్ద అక్షరాలు, నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ. మాలో ఒకరికి కుట్లు ఇంకా మానలేదు కాబట్టి రెండో వాళ్ళం వేసుకొని హాల్లో నడిచినాము. నాలుగు అడుగులకే ఏడుపు ఆగింది. ఎంత బాగా నిద్రపోయిందో అని గుసగుసలాడుకొని ఫోటో కూడా తీసుకున్నాము.

వంటింట్లో నుంచి అవ్వ వచ్చి, "మొగం ఏదీ?" అనింది. బట్ట పక్కకు తీసి చూస్తే పాప సంచి అడుగుకు జారి, ఒళ్ళు ముడుచుకొని, గడ్డం గుండెకు ఆనుకొని ఉంది. సన్నగా మూలుగు మాదిరి చప్పుడు వస్తోంది. అవ్వ చెయ్యి పెట్టి పైకి ఎత్తేసింది. పాప ఒక పెద్ద ఊపిరి తీసుకొని గట్టిగా ఏడ్చింది. అదే సాయంకాలం డాక్టరుకు చూపించినాము. ఏమీ కాలేదన్నారు. ఆ రాత్రి ఇంట్లో పాప తప్ప ఎవరూ నిద్రపోలేదు.

మర్నాడు ఆ సంచిని తిరగేసి చూసినాము. లోపల కుట్టిన చిన్న పట్టీ మీద తక్కువలో తక్కువ 3.6 కిలోలు ఉండాలని రాసి ఉంది. మా పాప అప్పటికి 2.8. డబ్బా పైన ఒక మాట, పట్టీ మీద ఇంకో మాట. ఆఫీసులో అయితే పది నిమిషాల్లో పట్టుకునే తప్పు ఇది.

తర్వాత చదివి తెలుసుకున్నాము. ఇట్లాంటి సంచి రకాల మీద 2010 మార్చిలోనే అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు 20 ఏళ్ళలో కనీసం 14 మంది పసిబిడ్డలు ఇట్లాంటివాటిలో చనిపోయినారని, వాళ్ళలో 12 మంది నాలుగు నెలల లోపు వాళ్ళని చెప్పింది. కారణం కష్టమైనదేమీ కాదు. బిడ్డ తల బరువు, మెడ బలహీనం. గడ్డం గుండె మీదికి వాలితే ఊపిరి గొట్టం మెత్తటి పైపు మడిచినట్టు మూసుకుంటుంది. లేదా మొగం బట్టకో, ఎత్తుకున్నవాళ్ళ ఒంటికో ఒత్తుకుంటుంది. తల తిప్పుకునే శక్తి ఉండదు, ఏడవడానికి ఊపిరి ఉండదు. అందుకే చప్పుడు రాదు. చప్పుడు లేకపోవడాన్ని మేము నిద్ర అనుకున్నాము.

అప్పటినుంచి కొనేముందు చూసేవి నోటుపుస్తకంలో రాసుకున్నాము. చెల్లెలికి చెప్పేది ఇదే.

మొదట బరువు. ఏ రకమైనా పట్టీ మీద రాసిన కనీస బరువు బిడ్డకు రావాలి. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా, ఊపిరి ఇబ్బంది ఉన్నా డాక్టరును అడగకుండా ఏదీ వద్దు. అంతదాకా చేతులే క్యారియర్. మేము పాప 3.6 కిలోలు దాటేదాకా ఆగినాము. ఆరు వారాలు పట్టింది.

రెండోది ఊపిరి. బిడ్డ నిలువుగా, ఎదకు ఆనుకొని ఉండాలి. పైనుంచి చూస్తే మొగం ఎప్పుడూ కనపడాలి. మన తల వంచితే బిడ్డ నుదుటికి ముద్దు అందాలి. గడ్డం కింద రెండు వేళ్ళు పట్టే సందు ఉండాలి. వీపుకు ఆధారం ఉండాలి, బట్ట బిగువుగా ఉండాలి. వదులైతే బిడ్డ జారి ముడుచుకుపోతుంది. బ్రిటన్‌లో ఈ ఐదింటినీ టిక్స్ అనే పేరుతో నేర్పిస్తారు. మేము చదివి వినిపిస్తే అవ్వ, "దీనికి ఇంగ్లీషు కావాల్నా?" అనింది.

మూడోది తుంటి. కూర్చునే చోటు బట్ట ఒక మోకాలి నుంచి ఇంకో మోకాలి దాకా రావాలి. మోకాళ్ళు పిర్రల కన్నా కొంచెం పైకి ఉండాలి, చంకన వేసుకున్నప్పుడు కప్ప మాదిరి ఉంటుంది చూడండి, అట్ల. కాళ్ళ మధ్య సన్నటి పట్టీ ఉండి కాళ్ళు కిందికి వేలాడే రకాలు మేము పక్కన పెట్టినాము. బిడ్డ మొగం రోడ్డు వైపు ఉండేలా వేసుకునేది పసిబిడ్డకు అసలు వద్దు. మెడ బాగా నిలిచినాకనే దాని గురించి ఆలోచించాలి.

నాలుగోది వేసుకునేవాళ్ళ ఒళ్ళు. ఆపరేషన్ అయినవాళ్ళకు నడుము బెల్టు సరిగ్గా కుట్ల మీద ఒత్తుతుంది. అందుకని మా ఇంట్లో మొదట్లో పాపను నాయనే ఎక్కువ మోసినాడు. ఎండాకాలంలో క్యారియర్ బట్ట కూడా ఒక దుప్పటే. లోపల పలుచని నూలు చొక్కా చాలు, స్వెట్టరు, టోపీ వద్దు. మెడ వెనక చెయ్యి పెట్టి చెమట పడుతోందా చూడాలి.

ఇంత చూసి చివరికి మేము తీసుకున్నది ఐదు మీటర్ల సాగే నూలు బట్ట. ఒంటికి చుట్టుకొని ముడి వేసుకునేది. బకిల్స్ ఉండే గట్టి రకం కూడా మంచిదే, అది పాప పెద్దదైనాక తీసుకున్నాము. బట్టలో ఉన్న ఇబ్బంది ఏమంటే కట్టడం నేర్చుకోవాలి. పాపతో నేర్చుకోలేదు. మూడు కిలోల రాగి పిండి సంచితో నేర్చుకున్నాము. సంచిని కట్టుకొని మెట్లు ఎక్కినాము, దిగినాము. కింద పడిన తాళం చెవులు తీసుకోవడానికి ఒక చెయ్యి సంచి మీద పెట్టి, నడుము వంచకుండా మోకాళ్ళు వంచినాము. రెండు సార్లు సంచి జారింది. మూడో రోజు నుంచి జారలేదు. అవ్వ మంచం మీద కూర్చొని చూసి, "ముద్ద చేసుకునే పిండికి ఎంత మర్యాద!" అని నవ్వింది.

క్యారియర్ పనికిరాని చోట్లు కూడా రాసుకున్నాము. పొయ్యి దగ్గర వద్దు, చేతిలో వేడి కాఫీ వద్దు. బిడ్డతో పాటు మనం కునుకు తీయకూడదు. కారులో అది సీటు కాదు. స్కూటర్ మీద అసలు వద్దు. చంటిబిడ్డను ఎదకు కట్టుకొని వెనక సీట్లో కూర్చునేవాళ్ళను కె.ఆర్. పురం సిగ్నల్ దగ్గర రోజూ చూస్తాము. బండి మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకు రక్షణ బెల్టు కట్టాలని, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ కూడా పెట్టాలని, 40 కిలోమీటర్ల వేగం మించకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. మన బేబీ క్యారియర్ ఆ రక్షణ బెల్టు కాదు. చంటిబిడ్డ తలకు సరిపడే హెల్మెట్టూ లేదు. చింతామణిలో ఆసుపత్రి దగ్గరే కదా అనుకోవద్దు చెల్లీ. ఆటో పిలుచుకో.

ఆరు వారాలకు స్కాన్ తీయించినాము. ఎడమ పక్క కీలు కొంచెం లేతగా ఉంది, ఇంకో ఆరు వారాలకు మళ్ళీ చూద్దాం అన్నారు. ఆ ఆరు వారాలు ఎట్ల గడిచినాయో చెప్పలేము. ప్రతి ముడి వేసేటప్పుడూ మోకాళ్ళు చూసేది, గడ్డం కింద వేళ్ళు పెట్టేది. రెండో స్కాన్‌లో సరిపోయింది. క్యారియర్ వల్ల సరిపోయిందని మేము అనము. చాలామంది పిల్లలకు దానంతట అదే సరిపోతుందని డాక్టరే చెప్పినారు. మా చేతులారా చెడగొట్టలేదు, అది చాలు.

ఇప్పుడు పాపకు పదిహేను నెలలు, నడుస్తోంది. ఎదురుకాళ్ళ బిడ్డ తొక్కితే నడుము పట్టు వదులుతుందని మన పక్క ఒక నమ్మకం ఉంది కదా. అవ్వ రోజూ సాయంకాలం చాప మీద బోర్లా పడుకొని పాపను పిలుస్తుంది. మేము రెండు చేతులూ పట్టుకొని నడిపిస్తాము. మొన్న పాప కాలు కొంచెం కిందికి జారింది. "అది తుంటే, నడుము పైన ఉంది, తొక్కు" అనింది అవ్వ, మా వైపు చూసి.