నాటి బండి – నేటి బాట

గుంటూరు, చిలకలూరిపేటల నడుమ ఎడ్లపాడు కలదు. పేరులోనే ఎడ్లను నిలుపుకొన్న ఈ గ్రామము మీదుగా నేడు పదునారవ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. రేయింబవళ్లు లారీలు, బస్సులు, కార్లు ఒకదానిని మించి యొకటి పరుగెత్తుచుండును. చేరువనే రెడ్డిరాజుల కొండవీటి దుర్గము కొండలపై నిలిచియున్నది. కోటగోడను కాపాడదలచినవారు దాని రాళ్లను కదలనీయక పదిలపరచినచో చాలును. పాతకాలపు బండిని కాపాడుట అట్టిది కాదు. బండి కదలుటకై పుట్టినది. కదలనిచో అది బండి యాకారముగల వస్తువే కాని బండి కాదు. కదలించినచో అరిగిపోవును. పాత వాహనములను కాపాడువారి కష్టమంతయు ఈ చిక్కులోనే యున్నది.

ఈ సంగతి పల్లెవారికి క్రొత్త కాదు. గొడ్లచావిడి ప్రక్కన ఏండ్ల తరబడి నిలిచిపోయిన కట్టెబండిని చూడుడు. కఱ్ఱ యెండి కుంచించుకొనును. చక్రమునకు తొడిగిన ఇనుప పట్టా వదులగును. ఆకులు కదలాడును. కందెన గట్టిపడి ఇరుసును పట్టివేయును. నేర్పరియైన వడ్రంగి విరిగిన ఆకును తీసి, అదే కొలతతో, అదే జాతి కఱ్ఱతో మరియొక ఆకును చెక్కి బిగించును. ఆకు మారినను అది ఆ బండియే. కాని కట్టెచక్రములను తీసివైచి రబ్బరు టైర్లు తొడిగినచో? ఎడ్లకు శ్రమ తగ్గును. రైతునకు మేలు కలుగును. అందు తప్పేమియు లేదు. అయితే తాతలనాటి బండి యెట్లుండెడిదో మనుమనికి చూపుటకు మాత్రము అది పనికిరాదు. బాగుచేయుట వేఱు, మార్చివేయుట వేఱు.

మోటారు వాహనముల లోకములో ఈ భేదమును చక్కగా తెలుపునది అమెరికాలోని హాట్ రాడ్ అను కారు. 1930 ప్రాంతమున కాలిఫోర్నియా రాష్ట్రములోని యువకులు కొందఱు వేగముపై మోజుపడిరి. క్రొత్త కార్లు కొనుటకు వారియొద్ద ధనము లేకుండెను. ఫోర్డు కంపెనీ 1908 మొదలు 1927 వఱకు ఒకటిన్నర కోటికి మించి తయారుచేసిన మోడల్ టి కార్లు ఆ దినములలో పాతబడి చవుకగా దొరకుచుండెను. యువకులు వాటిని కొని, చక్రములపై మూతలను, పైకప్పును, బరువనిపించిన ప్రతి రేకును ఊడదీసిరి. 1932లో ఫోర్డు కంపెనీవారు ఎనిమిది సిలిండర్ల ఇంజనుగల కారును సామాన్యులకు అందు వెలకు తెచ్చిరి. దాని బలము 65 అశ్వశక్తులు. ఆ యింజనును సంపాదించి, తమ చేతులతో సవరించి, ఎండిన సరస్సుల చదునైన నేలలపై వారు పందెములు వైచిరి. 1937లో అట్టి పందెములకు క్రమము నేర్పరచుటకై ఒక సంఘము స్థాపింపబడెను. 1948లో హాట్ రాడ్ అను పేరుతోనే ఒక మాసపత్రిక వెలువడెను.

ఇందొక వింత కలదు. ఆ యువకులు కారు యొక్క అసలు రూపమును లెక్కచేసినవారు కారు. దొరకిన దానిని దొరకిన చోట బిగించిరి. నేడు వారి కార్లను కాపాడువారు మాత్రము ఆ మార్పులనే అణువంతయు చెడకుండ నిలుపుచున్నారు. ఏలయన, ఆ కారునకు ఆ మార్పే అసలు రూపము. వారి నియమము మిక్కిలి కఠినమైనది. తమ కారు 1948 నాటిదని యెంచుకొన్నచో, ఆ సంవత్సరమునకు పిదప పుట్టిన వస్తువు నొక్కదానినైనను అందు చేర్చరు. బ్యాటరీ ఆరు వోల్టులదే. టైర్లు పాత అల్లికవే. 1938 వఱకు ఫోర్డు కార్లకు కడ్డీలతో, తీగలతో పనిచేయు బ్రేకులే యుండెను. 1939లో ద్రవముతో పనిచేయు బ్రేకులు వచ్చెను. నాటి యువకులు ఆ బ్రేకులను తమ పాత కార్లకు తగిలించుకొనిరి. కనుక 1948 నాటి కారునకు అవి తగును. దానికి ముప్పది యేండ్ల తరువాతి బ్రేకులు తగవు.

ఇట్టి కారును నడుపుట సుఖమైన పని కాదు. పాత ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజనులో పొగ పోవు దారులు ఇంజను దిమ్మలోనుండియే సాగును. అందుచేత అది త్వరగా వేడెక్కును. స్టీరింగు బరువుగా నుండును. దీపములు మందముగా వెలుగును. బ్రేకు నొక్కినంతనే బండి నిలువదు. నడుపువాడు చాల ముందుగా ఆలోచింపవలెను. నేటి కారు నడుపువాని పనిలో సగము తానే చేయును. నాటి కారు ఏ పనియు తనంత తాను చేయదు. అది చెవిని, చేతిని, పాదమును, బుద్ధిని ఒక్కమారే కోరును.

మన తెలుగునాటను ఇట్టి చరిత్రగల వాహనములు లేకపోలేదు. 1911లో కీర్తిశేషుడైన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయించిన పసుపుపచ్చని రోల్సు రాయిసు కారు 1912 నాటిది. అందు సింహాసనమువంటి యెత్తైన పీఠము కలదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదములో అది సందర్శకుల కన్నుల పండువుగా నున్నది. 1932 జూను నెలలో నిజాము రైల్వేవారు 27 బస్సులతో ప్రజారవాణాను ఆరంభించిరి. ఆ తొలినాళ్ల ఆల్బియన్ బస్సు నొకదానిని హైదరాబాదులో భద్రపరచిరి. మూడవది వీటికంటె విచిత్రమైనది. 1914లో ఇంగ్లండు నుండి నిజాము రైల్వేకు జాన్ మారిస్ అను అగ్నిమాపక వాహనము వచ్చెను. దాని టైర్లలో గాలి యుండదు. అవి నిండు రబ్బరువి. మంటల నార్పు కొలువు ముగిసిన పిమ్మట అది ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలను చేరెను. అచ్చటను అది ఊరక నిలువలేదు. ఢిల్లీలో జరుగు పాత వాహనముల ఊరేగింపులలో తన చక్రములతో తానే నడచి పాల్గొనినది. రాజుగారి కారు చూపఱకు ఆశ్చర్యము కలిగించును. ఈ అగ్నిమాపక వాహనము నడచునపుడు నూఱేండ్లనాటి పనితనము చెవులకు కూడ వినబడును.

పాత వాహనమును గుడ్డ కప్పి గదిలో దాచినచో క్షేమముగా నుండునని కొందఱు తలతురు. అది పొరపాటు. నిలువయున్న పెట్రోలు చెడి జిగురు కట్టును. ఆ జిగురు కార్బ్యురేటరు సన్నని రంధ్రములను మూసివేయును. ఇంజను లోపలి నూనె క్రిందికి జారి, పైభాగమున ఇనుము వట్టిదై త్రుప్పు పట్టును. రబ్బరు బిరుసెక్కి పగులును. బ్యాటరీ తన శక్తిని తానే కోల్పోవును. కావున అప్పుడప్పుడు కొంత దూరము నడుపుచుండుటయే దానికి రక్ష.

మన దేశములో ఈ విషయమై చట్టము కూడ నేర్పడినది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, మొదట నమోదైన నాటినుండి 50 ఏండ్లు దాటిన రెండుచక్రముల, నాలుగుచక్రముల సొంత వాహనములు చాసిస్సులోను, పైరూపములోను, ఇంజనులోను చెప్పుకోదగిన మార్పు లేకయున్నచో చారిత్రక వాహనములుగా గుర్తింపబడును. వాటి నంబరు పలకపై రాష్ట్రపు గుర్తు వెంట 'వీఏ' అను అక్షరము లుండును. ప్రదర్శనలకు, ఊరేగింపులకు, పరిశోధనకు, మరమ్మతులకు వాటిని బాటపైకి తీసికొనిపోవచ్చును. నిత్యము తిరుగుటకు, కిరాయికి త్రిప్పుటకు వీలులేదు. ఈ కొలతతో చూచినచో హాట్ రాడ్ చారిత్రక వాహనము కానేరదు. అది పుట్టినదే మార్పుతో. కాని చట్టమునకు ఒక గీత గీయక తప్పదు. నేటి సౌకర్యమునకై చేసిన మార్పునకును, నాటి చరిత్రలో భాగమైన మార్పునకును గల భేదమును చట్టముకంటె వివేకమే బాగుగ నెఱుంగును.

అట్లని కాలనియమము పేరిట ప్రాణములను పణముగా నొడ్డరాదు. వేగముగా పోవు లారీల నడుమ పాత బ్రేకులతో దూరిపోవుట పౌరుషము కాదు, అవివేకము. నాటి రూపము చెడకుండగనే బ్రేకులకు క్రొత్త పట్టీలు వేయవచ్చును. చివికిన గొట్టములను, తీగలను మార్చవచ్చును. వాహనముల రద్దీ లేని వేళను, రద్దీ లేని బాటను ఎంచుకొనవచ్చును. ముందు బండికి చాల దూరము విడిచి మెల్లగా పోవచ్చును. ఎదుటివాని క్షేమమునకై తన ముచ్చటను తగ్గించుకొనుట యజమానికి అవమానము కాదు. మార్చిన ప్రతి వస్తువును పుస్తకములో వ్రాసి, తీసిన పాత వస్తువును దాచియుంచుట మంచివాని లక్షణము. అపుడు రాబోవు వారికి ఏది నాటిదో, ఏది నేటిదో స్పష్టముగా తెలియును.

పాత బండిలో ఇనుము, కఱ్ఱ, రబ్బరు మాత్రమే లేవు. దానిని సాకిన మేస్త్రీ నేర్పు కలదు. ఇంజను శబ్దము విని దోషమును కనిపెట్టు చెవి కలదు. మర యెంతవఱకు బిగింపవలెనో తెలిసిన వ్రేళ్లు కలవు. ఆ నేర్పు పుస్తకములో పూర్తిగా దాగదు, అద్దాల గదిలో నిలువదు. బండి నడచినప్పుడే మేస్త్రీకి పని యుండును. పని యున్నప్పుడే అతని ప్రక్కన ఒక బాలుడు నిలిచి నేర్చుకొనును. ఇనుము చెడినచో మరల పోతపోయవచ్చును. చేతినుండి చేతికి రావలసిన విద్య నడుమ తెగినచో, దానిని పోతపోయు కొలిమి యెక్కడను లేదు.