వడపప్పు కలిపే చేతులు

పిల్లల ఓపీలో జ్వరం, దగ్గుల తర్వాత ఎక్కువగా వినపడే మాట “ఏమీ తినడు డాక్టరు గారూ” అన్నదే. ఆరా తీస్తే పాలు, బిస్కెట్లు, పెరుగన్నం తింటూనే ఉంటాడు. ఆకుకూర, కూరగాయ మాత్రం నోట పెట్టడు. ఫోను చూపిస్తూ పెట్టే ముద్దలో ఏముందో వాడికి తెలియదు. ఇలాంటి పిల్లల్లో కొందరి బరువు సరిగానే ఉంటుంది, కనురెప్ప కిందకి లాగి చూస్తే మాత్రం పాలిపోయి ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67 శాతం, తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63. తల్లిదండ్రులు ఆకలి పుట్టించే టానిక్ అడుగుతారు. వాళ్లు అడగవలసింది అంగన్‌వాడీలో, ఎల్‌కేజీ గదిలో వారానికి ఒక పూట పిల్లల చేత వంట అని నా అభిప్రాయం.

రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండిని అనుమానించడం పిల్లల సహజ గుణం, మొండితనం కాదు. అమెరికా మనస్తత్వవేత్త లీయాన్ బర్చ్ 1980లలో చేసిన పరిశోధనల్లో, ఒకే పదార్థాన్ని పదేపదే రుచి చూసిన కొద్దీ పసివాళ్లకు అది నచ్చసాగింది. 1987 నాటి అధ్యయనంలో మరో సంగతి బయటపడింది: కేవలం చూపిస్తే ఆ పదార్థం కంటికి అలవాటైంది గానీ నాలుకకు కాలేదు. గోడమీద కూరగాయల బొమ్మలు అంటించి పోషకాహార పాఠం అయిందనుకునే మన పద్ధతికి ఇంతకంటే సూటి జవాబు లేదు. బలవంతాన కుక్కితే అయిష్టం ముదురుతుంది. తానే కలిపినదాన్ని చిటికెడు నోట్లో వేసుకోమంటే ఆ బలవంతం ఉండదు. మనకు వడపప్పు ఉండనే ఉంది. నానిన పెసరపప్పు ఉబ్బడం పిల్లలు కళ్లారా చూస్తారు, గిన్నెలతో కొలుస్తారు, కొత్తిమీర తుంచుతారు, కీరా తురుము కలుపుతారు, నిమ్మరసం పిండుతారు. ఆ నిమ్మలోని విటమిన్ సి, పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది కూడా.

నిప్పు, కత్తి ప్రమాదం కాదా అంటారు. వడపప్పుకి, పానకానికి పొయ్యే అక్కర్లేదు; తురమడం టీచరు పని. నా భయం వేరేచోట ఉంది: గట్టి పల్లీలు, పచ్చి క్యారెట్ ముక్కలు గొంతుకు అడ్డుపడతాయి, ఈ వయసులో వాటిని దూరంగా ఉంచాలి. ఎవరికి ఏది పడదో ముందే తల్లిని అడగాలి, సబ్బుతో చేతులు కడిగించాలి. చదువు పోతుందన్న అభ్యంతరం నిలవదు. 1907లో రోమ్‌లో బడి తెరిచిన మరియా మాంటిస్సోరి ఇంటిపనులనే పాఠాలుగా మలిచారు. 1939లో మద్రాసు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. పోయడం, కొలవడం, తుంచడం చేసిన వేళ్లకే తర్వాత పెన్సిల్ పట్టు చిక్కుతుంది.

వంట పాఠంతో రక్తహీనత పోతుందా అన్నదే అసలు ప్రశ్న. పోదు. ఐరన్ సిరప్, నులిపురుగుల మాత్ర ఇవ్వవలసిందే. కానీ సిరప్ ఆపేశాక మళ్లీ పాలు, బిస్కెట్లే అయితే పిల్లవాడు అదే పాలిపోయిన కళ్లతో తిరిగి వస్తాడు. అంగన్‌వాడీలో పప్పూ ఉంది, కూరగాయలూ ఉన్నాయి. కడిగిన ఆకుకూర పళ్లెం ఆయా దగ్గర్నుంచి పిల్లల మధ్యకు రావాలి, అంతే.