టౌన్‌హాలు మెట్లమీద

షోలాపురంలో రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే తెల్లవారేసరికి బొంబాయిలో దిగవచ్చును. ఊరి పేరు 1995లో ముంబయిగా మారినా మా దంపతుల నోటికి ఇంకా బొంబాయే. మొన్న భాద్రపదంలో మేము వెళ్ళినది యాత్రకు కాదు, షికారుకూ కాదు. బి.కాం. మొదటి తరగతిలో ప్యాసై, షేర్ల వ్యాపారంలో పని నేర్చుకుంటానని అక్కడ ఉంటున్న మా అబ్బాయిని చూడడానికి. ఎనిమిది నెలల్లో పదునాలుగు కచేరీలు వాడిని వద్దన్నవి. శ్రావణ పూర్ణిమకు మార్కండేయ రథోత్సవానికైనా ఇంటికి రాలేదు. అప్పటినుండి మాకు అన్నం సయించలేదు. ఎండు జొన్నరొట్టెలు, పల్లికారం మూటగట్టుకుని బయలుదేరాము.

స్టేషనునుండి పావుగంట నడకలో టౌన్‌హాలు ఉన్నది. 1833లో పూర్తయిన కట్టడము. ముందు ముప్పది మెట్లు, పైన లావుపాటి స్తంభాలు, లోపల ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయము. వాన వెలిసి మెట్లు ఆరుతున్నవి. ఇస్త్రీచొక్కాల పడుచువాళ్ళు ఒళ్ళో అట్టసంచులు పెట్టుకుని అక్కడక్కడ కూర్చున్నారు. “ఇంటర్‌వ్యూ అయినాక నేను వచ్చి కూర్చునేది ఇక్కడే” అన్నాడు మావాడు.

ఆ దగ్గరనే రిజర్వుబ్యాంకు మేడ ఉన్నది. ధైర్యం చెప్పవలెనని, “మన తెలుగువారు వై.వి. రెడ్డిగారు 2003 నుండి 2008 వరకు, ఆ తరువాత దువ్వూరి సుబ్బారావుగారు 2013 వరకు అందులో గవర్నర్లుగా పనిచేశారు. నీకెందుకురా అధైర్యం?” అన్నాము. వాడు నవ్వి ఊరుకున్నాడు. మా మాట గురి తప్పినదని ఆ నవ్వే చెప్పినది.

కొంతసేపటికి వాడే ఎదుటి హార్నిమన్ సర్కిలు తోటను చూపి ఒక కథ చెప్పాడు. 1850 ప్రాంతాల షేర్ల దలాలులకు కచేరీ లేదు. ఈ టౌన్‌హాలు ముందరి మఱ్ఱిచెట్టు నీడే వారి బజారు. జనం పెరిగినకొద్దీ ఆ చెట్టు వదలి మరొక చోటికి మారారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, మన ప్రత్తికి గిరాకి పెరిగి, బొంబాయిలో షేర్లు ఆకాశానికి ఎక్కినవి. 1865లో యుద్ధం ముగియగానే అన్నీ కూలినవి. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అంతటి ధనవంతుడే చితికిపోయాడు. అయినా దలాలులు చెదిరిపోలేదు. 1874లో ఒక వీధిలో స్థిరపడ్డారు. అదే నేటి దలాల్ స్ట్రీటు. మరుసటి ఏడు, 1875లో, సంఘం పెట్టుకున్నారు.

“వాళ్ళకే అన్నాళ్ళు నిలువ చోటు లేకపోయింది నాయనా! వద్దనిపించుకోవడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. నాకు దానితో బాధ లేదు. రాత్రి మీకు ఫోనులో చెప్పవలసి రావడమే బాధ” అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. దినమూ తొమ్మిదింటికి ఫోను చేసి “ఏమయింది?” అని అడిగినది మేమే. ప్రేమతోనే అడిగాము. వాడికి అది పదిహేనో ఇంటర్‌వ్యూ అయినది. రథోత్సవానికి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసినది. అక్కడ అడిగే బంధువులు వందమంది!

తరువాత ఒక పుస్తకం తీసి చూపించాడు. తేదీ, అడిగిన ప్రశ్న, తాను చెప్పలేకపోయిన జవాబు, ఇలా చిట్టాలాగా వ్రాసుకున్నాడు. ఆరు చోట్ల అసలు జవాబే రాలేదట. అయిదు చోట్ల “అనుభవం లేదు” అన్నారట. మిగిలిన మూడుచోట్ల మాత్రం తన లోపం తనకే కనబడినదట. అందుకని సెబీ 2006లో స్థాపించిన ఎన్.ఐ.ఎస్.ఎం. సంస్థవారి పరీక్షకు చదువుతున్నాడు. పదునాలుగూ తన తప్పే అనుకుని కుమిలినవాడు, లెక్క వ్రాసి చూచుకుంటే మూడే తేలినవి.

సాయంత్రం దలాల్ స్ట్రీటు చూపించాడు. కేకలు వినబడతాయనుకున్నాము. 1995లో వ్యాపారం కంప్యూటర్లకు మారిన తరువాత ఆ కేకలు పోయినవట. ఎత్తైన మేడ, ముందర కంచు ఎద్దు, గబగబ నడిచే జనం. అంతే.

ఇంట్లో ఇటువంటి పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫలితం అడగకండి. తిన్నావా, ఏమి చదివావు అని అడగండి. ఫలితం వారే చెబుతారు.

మేము తిరిగివచ్చిన పదిరోజులకు వాడే ఫోను చేశాడు. “పదిహేనోది కూడా పోయిందమ్మా” అని మామూలు గొంతుతో చెప్పి, “పల్లికారం అయిపోయింది, వచ్చేవారితో పంపండి” అన్నాడు.

ఆ రాత్రే దంచి ఉంచాము.