నాన్నతో కెంటకీ అవుట్‌డోర్!

'గోల్డ్‌ఫింగర్' చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కెంటకీలో విలన్ గారి గుర్రాల ఫారంలో కూచుని జేమ్స్‌బాండ్ దర్జాగా మింట్ జూలెప్ పుచ్చుకుంటాడు. మార్టినీ తప్ప మరోటి ముట్టడనుకునే కుర్రకారుకి అదో ఆశ్చర్యం! ఆ జూలెప్‌లో ఉండేది బోర్బన్ విస్కీ. చిత్రం ఏమిటంటే, ఆ సినిమా విడుదలైన 1964లోనే, మే నెలలో, బోర్బన్ మా దేశపు సొంత సరుకు సుమండీ అని అమెరికా కాంగ్రెసు తీర్మానం చేసింది. అంత పాత సినిమా మాకెందుకు అంటారా? 2017లో వచ్చిన 'కింగ్స్‌మన్: ద గోల్డెన్ సర్కిల్' తీసుకోండి. అందులో అమెరికన్ గూఢచారుల దళం మకాం వేసింది కెంటకీ బోర్బన్ డిస్టిలరీ ముసుగులోనే కదా!

ఈ సోదంతా ఎందుకంటే... ఈ అక్టోబరులో నేను కారేసుకుని ఆ డిస్టిలరీలు చూడబోతున్నాను. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాడికి ఇదో వింతా అని కొట్టిపారెయ్యకండి. పక్క సీట్లో కూచునేది మా నాన్న. నెల్లూరు జిల్లాలో ముప్పై రెండేళ్ళు ఎక్సైజు ఉద్యోగం చేసి, లెక్కలేనన్ని సారా బట్టీలు పగలగొట్టి, జన్మలో ఒక్క చుక్క నోట్లో వేసుకోని మనిషి. వెనక సీట్లో మా అమ్మ, నా భార్య, మజ్జిగ ఫ్లాస్కు. ఇంతకంటే విచిత్రమైన తారాగణం మీరెక్కడైనా చూశారా?

ఆలోచన నాది కాదు, నాన్నదే. ఆగస్టులో మా ఊరు కొలంబస్‌కి వచ్చారు. నయాగరా చూపిస్తానంటే "ఫోటోల్లో చూశాంలేరా" అన్నారు. న్యూయార్క్ అంటే మెట్లన్నారు. ఒకరోజు సూపర్‌బజారులో సీసాల వరస ముందు ఆగి, ఒక్కో లేబులూ కళ్ళజోడు పైకెత్తి చదవడం మొదలెట్టారు. పావుగంటయింది. "ఇది చేసే చోటు చూడొచ్చునా? లోపలికి రానిస్తారా?" అని అడిగారు. రానిస్తారు నాన్నా, టిక్కెట్టు పెట్టి మరీ రానిస్తారు అన్నాను. ఆయన మొహం చూడాలి! ముప్పై రెండేళ్ళు అర్ధరాత్రి చెరుకుతోటల్లో పాకుతూ వెతికిన వస్తువుకి జనం క్యూ కట్టి టిక్కెట్టు కొంటారంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

అమ్మ మాత్రం భగ్గుమంది. "ఏందండీ ఇది? కాశీకి పోదామంటే మోకాళ్ళ నొప్పులన్నారు. సారా కొట్టుకైతే నడుస్తారా?"

అమ్మ కోపానికి కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అది తర్వాత చెబుతాను.

ముందు ప్లాను సంగతి. సినిమా భాషలో చెప్పాలంటే మూడు రోజుల అవుట్‌డోర్ షెడ్యూలు. కొలంబస్ నుంచి డెబ్భై ఒకటో నంబరు ఇంటర్‌స్టేట్ ఎక్కితే సిన్సినాటి మీదుగా నేరుగా లూయీవిల్‌లో దింపుతుంది. మూడొందల నలభై కిలోమీటర్లు, మూడున్నర గంటలు. లూయీవిల్ నుంచి దక్షిణంగా బార్డ్స్‌టౌన్, అక్కణ్ణుంచి ఇరవై అయిదు కిలోమీటర్లు పల్లెదారిలో పోతే లొరెటో. తూర్పుకి తిరిగితే లారెన్స్‌బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, వర్సేల్స్. ఫ్రాన్సులో వెర్సాయ్ అనే ఊరి పేరే ఇది. ఇక్కడివాళ్ళ నోట్లో పడి ఇట్లా అయింది. 1999లో అక్కడి డిస్టిలరీల సంఘం వాళ్ళు ఈ ఊళ్ళన్నీ కలిపి 'కెంటకీ బోర్బన్ ట్రెయిల్' అని పేరు పెట్టి యాత్రాస్థలం చేసేశారు. మనకి పంచారామాలు ఉన్నట్టు! ఈ మాట అమ్మ ముందు అనలేదు లెండి.

టెనెసీలోని జాక్ డేనియల్స్ కూడా కలుపుదామని నా భార్య అంది. దూరం ఎక్కువని కొట్టేశాం. కానీ అక్కడి సంగతి ఒకటి చెప్పి తీరాలి. ఆ డిస్టిలరీ ఉన్న మూర్ కౌంటీ 'డ్రై' కౌంటీ. ప్రపంచమంతా తాగే విస్కీ చేసే ఊళ్ళో మద్యం అమ్మకం మీద నిషేధం! నాన్న ఈ ఒక్క విషయానికీ పది నిమిషాలు నవ్వారు.

ఎక్సైజు మనిషికి ఊళ్ళ కంటే ముందు రూల్సు కావాలి. "చట్టం ఏమంటది?" అని నోటుబుక్కు తీశారు. చెప్పాను. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. కాచి దించిన సరుకు 80 శాతం ఆల్కహాలు దాటకూడదు. పీపాలో పోసేటప్పుడు 62.5 దాటకూడదు. సీసాలో 40కి తగ్గకూడదు. రంగు కలపకూడదు, రుచి కలపకూడదు. పీపా కొత్త ఓక్ చెక్కది అయి, లోపల కాల్చి ఉండాలి. రెండేళ్ళయినా నిలవుంటేగాని 'స్ట్రెయిట్' అనే మాట వాడకూడదు.

"రంగు కలపకపోతే ఆ ఎరుపెక్కడిది?"

అదే తమాషా. బట్టీలోంచి దిగినప్పుడు బోర్బన్ కూడా మన సారాలాగే తెల్లటి నీళ్ళు. ఆ ఎరుపు, ఆ వాసన అన్నీ కాలిన చెక్కవి. ఎండాకాలం సరుకు ఉబ్బి చెక్కలోకి దూరుతుంది, చలికాలం బయటికి వస్తుంది. ఏళ్ళ తరబడి అదే పని. ఈలోగా ఏటా కొంత ఆవిరైపోతుంది. దానికి 'దేవతల వాటా' అని పేరు పెట్టుకున్నారు.

"మాకాడ తుమ్మచెక్క వేసేవాళ్ళు, ఊట ఎక్కడానికి," అన్నారు నాన్న. "బెల్లం, తుమ్మచెక్క, నవసారం. నాలుగు రోజుల్లో కాచేవాళ్ళు. ఈళ్ళు నాలుగేళ్ళు ఆగుతారా!" ఆ గొంతులో మెచ్చుకోలుందో, ఇంకేముందో నాకు అర్థం కాలేదు.

ఈ ముక్కలన్నీ వింటూ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతున్న అమ్మ, 'సోర్ మాష్' దగ్గర మాత్రం ఆగింది. ప్రతి విడతకీ పాత విడత పులుపు కొంత మిగిల్చి కొత్తదాంట్లో కలుపుతారు అన్నాను. "అంటే తోడేస్తారా, పెరుక్కేసినట్టు?" అంది. అంతేనమ్మా అన్నాను. ఆ పద్ధతిని ఓ శాస్త్రం కింద స్థిరపరిచిన జేమ్స్ క్రో పనిచేసిన చోటే ఇప్పుడు వర్సేల్స్ పక్కన ఉన్న వుడ్‌ఫర్డ్ రిజర్వ్. అమ్మ మళ్ళీ మాట్లాడలేదు కాని గిన్నెల చప్పుడు తగ్గింది.

ఆవిణ్ణి ఒప్పించడానికి మూడు రాయితీలిచ్చాను. ఒకటి, మొదటిరోజు లూయీవిల్‌లో దిగగానే హిందూ టెంపుల్ ఆఫ్ కెంటకీ దర్శనం. రెండు, హాడ్జెన్‌విల్‌లో అబ్రహాం లింకన్ పుట్టిన చోటు. మూడోది లొరెటోలో మేకర్స్ మార్క్. అది డిస్టిలరీయే కదా అంటారు. ఆ సీసా రూపం, మెడమీద కారే ఎర్ర లక్క అన్నీ కనిపెట్టింది యజమాని భార్య మార్జీ శామ్యూల్స్, అదీ ఇంటి వంటగదిలో ప్రయోగాలు చేసి! ఈనాటికీ ఆ లక్కలో సీసాలు చేత్తోనే ముంచుతారు. "పేరు ఆయనకొచ్చిందా, ఆవిడకొచ్చిందా?" అని అమ్మ అడిగింది. ఈమధ్య ఆవిడకీ వస్తోందని చెప్పాను.

నాన్న రాయితీలు వేరు. బార్డ్స్‌టౌన్‌లో ఆస్కార్ గెట్జ్ విస్కీ మ్యూజియం ఉంది. అందులో దొంగసారా బట్టీలు కూడా పెట్టారు. అది షెడ్యూల్లోంచి తీస్తే ఆయన కారెక్కరు! 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం నడిచింది కదా, అప్పుడు డాక్టరు చీటీ ఉంటే 'మందు'గా విస్కీ ఇచ్చేవారు. మనవాళ్ళు మందు అనడం ఊరికే పోలేదన్నమాట. ఇక కొండల్లో దొంగసారా కాచి రాత్రిళ్ళు కార్లలో తోలేవాళ్ళ మీద రాబర్ట్ మిచమ్ 1958లో 'థండర్ రోడ్' తీశాడు. కథ ఆయనదే, హీరో ఆయనే. మొన్న రాత్రి నాన్నకి చూపించాను. ప్రేక్షకులంతా హీరో తప్పించుకోవాలని చూస్తే, నాన్న ఒక్కరే సోఫాలో ముందుకి వంగి "పట్టుకోండిరా వాణ్ణి" అంటున్నారు.

ఆయన్ని బాగా కదిలించిన సంగతి మరొకటి. పాతరోజుల్లో కెంటకీ గోదాములకి రెండు తాళాలుండేవి. ఒకటి యజమానిది, ఒకటి సర్కారు మనిషిది. ఇద్దరూ వస్తేగాని తలుపు తెరుచుకోదు. ఇప్పుడా పద్ధతి లేదు. అది విని నాన్న చాలాసేపు ఊరుకుని, "ఆ సర్కారువాడికి ఇల్లు ఎక్కడో, పిల్లలెక్కడో," అన్నారు. మా చిన్నప్పుడు ఆయన వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ.

ఇప్పుడు బాబాయి సంగతి.

మా బాబాయి, నాన్న తమ్ముడు, 1991లో సారాతోనే పోయాడు. ముప్పై నాలుగేళ్ళు. నాకప్పుడు ఏడు. నన్ను భుజాన కూచోబెట్టుకుని టూరింగ్ టాకీస్‌కి తీసుకెళ్ళి నేల టిక్కెట్టులో ముందు వరసలో కూచోబెట్టింది ఆయనే. ఎన్టీఆర్ అంటే ప్రాణం. తెర మీద అన్నగారు కనబడగానే జేబులో చిల్లరంతా విసిరేవాడు. తాగని రోజు అంత మంచివాడు జిల్లాలో ఉండడు. ఆ తర్వాత ఏడాది, 1992లో, మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధమే పెట్టింది. రెండేళ్ళకి, 1997లో, సడలించారు. బాబాయి గురించి నాన్న నోట నేను విన్నది ఒక్కటే మాట: "అన్నగారి సంతకం దాకా ఆగలేదు వాడు."

మా తెలుగు సినిమాలో తాగుడు మహా అందంగా ఉంటుంది, గమనించారా? 'దేవదాసు' (1953)లో అక్కినేని మత్తుకళ్ళకి దేశం దేశం ఏడ్చింది. ఆ కళ్ళు మందువి కావు, రాత్రిళ్ళు పెరుగన్నం తిని షూటింగు చేసిన నిద్రకళ్ళు అని సినిమా జనం చెప్పుకుంటారు. నేను చూసిన మత్తుకళ్ళు బాబాయివి. వాటి మీద పాటలు తీయలేరు.

అందుకే షెడ్యూలు రాస్తుంటే ఒక గడి దగ్గర నా పెన్ను ఆగింది. ప్రతి డిస్టిలరీలోనూ ఆఖర్న రుచి చూపిస్తారు, చిన్న గ్లాసుల్లో. ఇరవై ఒకటి దాటినవాళ్ళకే. నాకు నలభై దాటాయి. టిక్కెట్టులో దాని ఖర్చు కూడా కలిసే ఉంటుంది. నాన్నగారి పక్కన కూచుని...

ఆయనే అడిగారు, బాల్కనీలో, అమ్మ పడుకున్నాక. "నువ్వు తాగుతావా?"

"నెలకోసారి నాన్నా. స్నేహితులొస్తే. ఒకటో, రెండో."

ఆయన వీధి దీపం వైపు చూస్తూ కూచున్నారు. తిడతారనుకున్నాను. "వాడూ మొదట్లో ఒకటో రెండో అనేవాడు," అన్నారు. కాసేపాగి, "అందరూ వాడు కాదులే," అన్నారు. లేచి లోపలికి వెళ్తూ తలుపు దగ్గర తిరిగి, "ఆ మూడు రోజులూ బండి ఎవరు తోలేది?" అన్నారు.

"నేనే."

"అంతా నువ్వే తోలు."

ఎక్సైజు బుర్రంటే అదీ! నా భార్యకి హైవే మీద నడపడం ఇష్టం, సగం దారి తనకిస్తానని మాట కూడా ఇచ్చాను. ఇప్పుడు దాన్ని బుజ్జగించే పని మిగిలింది.

షెడ్యూలు దాదాపు ఖరారైంది. ఒకటోరోజు లూయీవిల్, గుడి, సాయంత్రం మెయిన్ స్ట్రీట్‌లో విస్కీ రో. రెండోరోజు బార్డ్స్‌టౌన్ మ్యూజియం, హెవెన్ హిల్, లొరెటో, దారిలో లింకన్. హెవెన్ హిల్‌లో 1996 నవంబరులో మంటలు లేచి తొంభై వేల పైచిలుకు పీపాలు తగలబడ్డాయి. అప్పుడు పోటీ కంపెనీలే తమ బట్టీలిచ్చి ఆదుకున్నాయిట. మన నిర్మాతల మండలి వాళ్ళు వింటున్నారా? మూడోరోజు లారెన్స్‌బర్గ్‌లో ఫోర్ రోజెస్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో బఫెలో ట్రేస్, ఇంటికి. బఫెలో ట్రేస్‌లో టిక్కెట్టుకి డబ్బు తీసుకోరు గనక అమ్మకి అది బాగా నచ్చింది. గోదాముల చుట్టుపక్కల చెట్ల బెరడు నల్లగా మసిబారి ఉంటుంది. గాలిలోకి పోయే ఆ ఆవిరి తిని బతికే బూజు అది. అది చూడాలని నాన్నకి తొందరగా ఉంది. ఆయన ఆ రోజుల్లో బట్టీలు కనిపెట్టింది కూడా ముక్కుతోనే, ఊట వాసన పట్టుకుని.

హోటళ్ళు బుక్ చేశాను. లిఫ్టున్న చోట్లే. ఇడ్లీ పిండి ఐసుపెట్టెలో వెళ్తుంది.

నిన్న రాత్రి నాన్న నోటుబుక్కు నా చేతికిచ్చారు. గైడుని అడగవలసిన ప్రశ్నలు, నంబర్లు వేసి. ఇంగ్లీషు చేసి పెట్టమన్నారు. ఒకటి, పీపాకి పన్నెంత? (ఏళ్ళ తరబడి నిలవున్న పీపాల మీద కెంటకీ ఏటా పన్ను వేసేది. 2026 నుంచి తగ్గిస్తూ 2043కి ఎత్తేస్తారు. ఈ జవాబు నేనే చెప్పేశాను.) రెండు, ఊట ఎన్ని రోజులు? మూడు, కారిపోయిన సరుకు లెక్క ఎట్లా రాస్తారు? అలా పదకొండున్నాయి. పన్నెండోది వేరే సిరాతో ఉంది, తర్వాతెప్పుడో రాసినట్టు.

"మీ పనోళ్ళలో ఎవరైనా తాగి పాడైతే వాణ్ణి ఎవరు చూసుకుంటారు?"

మిగతావన్నీ పావుగంటలో ఇంగ్లీషు చేసేశాను. ఆ పన్నెండో దాని దగ్గరే ఉన్నాను.