కయ్య పక్కన కాలనీ

పొద్దున కిటికీ తీస్తే పచ్చటి వరి. పదింటికల్లా నెల్లూరులో ఉద్యోగం. రాత్రయితే కప్పల కచేరీ వింటూ నిద్ర. కొడవలూరు చుట్టుపక్కల స్థలం కొని ఇల్లు కట్టుకునేవారి లెక్క ఇదీ! చాలావరకు నిజమే. కాకపోతే ఆ లెక్కలో చాలామంది మరిచిపోయేది ఒకటుంది... నీళ్ల దారి.

నెల్లూరు నుంచి కావలి వైపు బయల్దేరితే పెన్నా వంతెన, ఆ తర్వాత కోవూరు. అది దాటగానే జాతీయ రహదారికి రెండువైపులా కయ్యలే. నెల్లూరు సీమలో వరిమడిని కయ్య అంటారు. రోడ్డు మీద నార్త్ రాజుపాలెం, రైలు మార్గంలో పడుగుపాడు తర్వాత కొడవలూరు స్టేషను. పెద్ద రైళ్లు ఈ స్టేషన్ను పలకరించకుండానే దూసుకుపోతుంటాయి. అయినా బస్సులు, ఆటోలు ఉన్నాయి కదా! పిల్లల కాలేజీకైనా, ఆస్పత్రికైనా, కొత్త సినిమాకైనా నెల్లూరు వెళ్లి చీకటి పడేలోగా తిరిగి రావచ్చు.

అంకణాల లెక్క

ఈ ప్రాంతంలో ఇళ్ల స్థలాన్ని గజాల్లో అడగరు, అంకణాల్లో అడుగుతారు. నెల్లూరు అంకణమంటే 72 చదరపు అడుగులు. తిరుపతిలో అంకణమంటే అందులో సగమే, 36 అడుగులు. పొరుగు జిల్లా నుంచి వచ్చినవాళ్లు ఈ తేడా తెలియక ముందు కంగారుపడటం మామూలే. టౌన్లో కొనే డబ్బుతో ఇక్కడ కాస్త పెద్ద స్థలం వస్తుంది. ఇంటిముందు మందార, వెనకాల కరివేపాకు, మునగ చెట్టుకు చోటు మిగులుతుంది.

అందుకే ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరయినవారు, పిల్లల్ని విదేశాలకు పంపి ఇద్దరే మిగిలిన దంపతులు ఇలాంటి కాలనీలవైపు చూస్తారు. ఒకరిది ఆత్మకూరు, ఇంకొకరిది ఉదయగిరి, మరొకరిది కావలి. తాతల నాటి పరిచయాలేవీ ఉండవు. అయినా నెల తిరిగేలోగా వరసలు కలిసిపోతాయి. 'అక్కా, మీకు కరెంటుందా?' అనే పలకరింపుతో మొదలై, ఊరెళ్లేటప్పుడు ఇంటి తాళాలు ఇచ్చిపుచ్చుకునేదాకా వెళ్తుంది స్నేహం. పాత ఊరితో బంధం మాత్రం అంత తొందరగా కలవదు. ఊళ్లో వాళ్లకు వీళ్లు 'కాలనీవాళ్లు', వీళ్లకు వాళ్లు 'ఊళ్లోవాళ్లు'. రామాలయం దగ్గర పండగో, పాలకేంద్రం దగ్గర కబుర్లో ఆ గీతను మెల్లగా చెరిపేయాల్సిందే.

కష్టాలూ లేకపోలేదు. కోతల సమయంలో పొలం లోంచి పాములు ఇళ్లవైపు వస్తాయి. మిషన్లు దిగితే దుమ్ము. వీధి దీపం వెలగకపోతే పంచాయతీ చుట్టూ తిరగాలి. దోమల సంగతి సరేసరి. కానీ వీటన్నిటికీ జనం అలవాటు పడిపోతారు. అలవాటు పడలేనిది ఒకటే... వాన.

కార్తీకం వానలు

రాష్ట్రమంతా ఎండాకాలం పోగానే వానలకు ఎదురుచూస్తుంది. నెల్లూరు తీరానికి మాత్రం అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు-నవంబరు నెలల్లో వస్తుంది. వరి నాట్లు ఆ తర్వాతే జోరందుకుంటాయి. పెన్నా మీద సంగం దగ్గర మళ్లించిన నీరు కనిగిరి రిజర్వాయరు చేరి, అక్కడి నుంచి కాలువల ద్వారా ఈ వైపు కయ్యలకు పారుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు సంగం ఆనకట్ట బదులు కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది.

నీరు పారించడానికి పిల్లకాలువ ఎంత అవసరమో, మిగులు నీరు పోవడానికి మురుగుకాలువ అంతే అవసరం. ఒక కయ్యలో ఎక్కువైన నీరు దిగువ కయ్యలోకి, అక్కడి నుంచి కాలువలోకి, చివరికి సముద్రంలోకి పోవాలి. పైగా గట్లున్న కయ్య కొంత వాననీటిని తనలోనే నిలుపుకుంటుంది. అదే కయ్యను గ్రావెల్ తోలి ఎత్తు చేసి ప్లాట్లుగా మార్చారనుకోండి. పడిన వాన అక్కడ నిలవదు. పక్కన పల్లంలో ఉన్న పొలంలోకో, పాత ఇళ్లలోకో జారుతుంది. మధ్యలో ఉన్న పిల్లకాలువను రోడ్డు కింద పూడ్చేస్తే ఇక చెప్పేదేముంది! రైతుకు పంట మునుగుతుంది. తర్వాతి లేఅవుటు ఇంకొంచెం ఎత్తున వస్తే నిన్నటి కొత్త ఇల్లే పల్లమవుతుంది.

2021 నవంబరులో పెన్నా పోటెత్తినప్పుడు కోవూరు ప్రాంతంలో జాతీయ రహదారి కోతకు గురైంది. పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. అంత పెద్ద వరద ఏటా రాకపోవచ్చు. కానీ నీటికి దారి లేకపోతే మామూలు వాయుగుండం చాలు, వీధులు మునగడానికి.

హోవార్డు కన్న కల

పట్నానికి దగ్గరగా, పొలానికి ఆనుకుని బతకాలన్న కోరిక మనదొక్కటే కాదు. ఇంగ్లండులో ఎబెనెజర్ హోవార్డు అనే ఆయన 1898లో దీనిపై ఏకంగా పుస్తకం రాశారు. వృత్తిరీత్యా ఆయన పార్లమెంటు చర్చలను షార్ట్‌హ్యాండులో రాసుకునేవారు. 6,000 ఎకరాలుంటే 1,000 ఎకరాల్లోనే ఊరు కట్టాలి, మిగతా 5,000 ఎకరాలూ సాగుకే ఉండాలి అన్నది ఆయన ప్రణాళిక. లండనుకు ఉత్తరాన లెచ్‌వర్త్ 1903లో అలాగే మొదలైంది. ఇలాంటి ఊరిని హోవార్డు 'గార్డెన్ సిటీ' అన్నారు.

ఆ పేరు మన లేఅవుట్ల ఆర్చీల మీద కూడా కనిపిస్తూ ఉంటుంది. హోవార్డు లెక్కలో ముఖ్యమైన భాగం మాత్రం ఆర్చీ దగ్గరే ఆగిపోయింది. ఊరు ఎక్కడ ఆగాలో, పొలం ఎక్కడ మొదలవ్వాలో ముందే గీత గీయడం! పచ్చదనం కోసం వచ్చినవాళ్ల ముందే ఏటా ఒక కయ్య ప్లాట్లయిపోతుంటే చివరికి కిటికీలోంచి కనిపించేది ఎదురింటి గోడే.

కొనేముందు...

లేఅవుటుకు అనుమతి ఉందా, పార్కు వంటి ఖాళీ స్థలానికి 10 శాతం నిజంగా వదిలారా అన్నది కాగితాల్లో చూసుకోవాలి. కాగితాల్లో దొరకనివి ఇంకొన్ని ఉన్నాయి. స్థలం చూడ్డానికి మే నెలలో వెళ్లకండి, నవంబరులో వెళ్లండి. వాన పడిన మర్నాడు నీళ్లు ఎటు పోతున్నాయో నడిచి చూడండి. మురుగుకాలువ ఎక్కడుంది, దాన్ని ఎవరైనా పూడ్చారా అని పక్క కయ్య రైతును అడగండి. బోరు నీళ్లు రుచి చూడండి. తీరం దగ్గర కాబట్టి ఒకచోట తియ్యగా, నాలుగడుగుల అవతల ఉప్పగా ఉండొచ్చు. సెప్టిక్ ట్యాంకుకు, బోరుకు తగినంత దూరం వదలండి.

ఇల్లు కట్టాక కూడా పని అయిపోయినట్టు కాదు. కాలనీవాళ్లు, ఊళ్లోవాళ్లు కలిసి ఏటా వానలకు ముందే పంచాయతీని అడిగి కాలువలు పూడిక తీయించుకోగలిగితే సగం కష్టం తీరుతుంది. కాలనీ వీధి, రైతు కయ్య... రెండిటి నీళ్లూ పోయేది ఒకే కాలువలోకి మరి!