ఎవరూ చూడని హోంవర్కు

‘‘యాభై లెక్కలూ చేసేశావా?’’

‘‘అయిపోయాయమ్మా!’’

పుస్తకం ముందేసుకుని అయిదు నిమిషాలైనా కాలేదు. వీడెంత చురుకో అని అమ్మ మురిసిపోయింది. నోట్సు తెరిచి చూస్తే కదా... అందులో ఒక్క లెక్కా లేదని తెలిసేది!

కంప్యూటర్లూ ఒకప్పుడు ఇలాగే మురిపించాయి. ఏది ఎంత వేగంగా పనిచేస్తుందో తేల్చడానికి 1984లో రైన్‌హోల్డ్ వైకర్ ఓ పరీక్ష తయారుచేశారు. అప్పటికే ‘వెట్‌స్టోన్’ అనే పరీక్ష ఉంది. ఇంగ్లిషులో ఆ మాటకు సానరాయి అని అర్థం. వినడానికి మాత్రం ‘తడిరాయి’ అన్నట్టుంటుంది. అందుకే ఈయన సరదాగా తన పరీక్షకు ‘డ్రైస్టోన్’ అని పేరుపెట్టారు. అంటే పొడిరాయి!

పరీక్ష సులువే. కొన్ని చిన్న పనుల్ని వేలసార్లు మళ్లీ మళ్లీ చేయిస్తారు. సెకనుకు ఎన్నిసార్లు చేస్తే అన్ని మార్కులు.

చిక్కల్లా కంపైలర్‌తో వచ్చింది. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేది అదే. మారుస్తూ మారుస్తూ అనవసరమైన పనుల్ని తీసేసి వేగం పెంచుతుంది కూడా. డ్రైస్టోన్‌లోని కొన్ని లెక్కల జవాబులతో ఆ తర్వాత ఎవరికీ పనిలేదు. ఎవరికీ అక్కర్లేని జవాబుకోసం ఆయాసపడటం దేనికని తెలివైన కంపైలర్లు ఆ లెక్కల్నే ఎత్తేశాయి. చేయని పనికి సమయం పట్టదుగా! యంత్రం అదే, మార్కులు మాత్రం పెరిగిపోయాయి. ఆ అంకెల్ని నమ్మి డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లకు తమ సొంత పని దగ్గరికొచ్చేసరికి ఆ వేగం ఎక్కడ కనిపిస్తుంది?

పోనీ, కంపైలర్ మోసం చేసిందా అంటే అదీ లేదు. దాని పని అది చేసింది. లోపం అడిగిన తీరులో ఉంది. ఎంతసేపు పట్టిందని గడియారం చూశారేగానీ, జవాబెంతని అడగలేదు.

1988లో వైకర్ పరీక్షను సవరించారు. చివర్లో వచ్చిన విలువల్ని చూపించి, రావాల్సిన వాటితో సరిపోల్చుకునేలా మార్చారు. జవాబు చూపించాలంటే లెక్క చేయక తప్పదు మరి. ఇప్పటికీ అనుభవమున్న ప్రోగ్రామర్లు ఏదైనా పరీక్ష సున్నా సెకన్లలో ముగిస్తే సంబరపడరు, అనుమానిస్తారు.

మర్నాడు అమ్మ ప్రశ్న మార్చింది.

‘‘ఏదీ, పదిహేడో లెక్కకు జవాబెంతొచ్చింది?’’

వాడు గబుక్కున నోట్సు తీసుకుని గదిలోకి పరుగెత్తాడు. బయటికొచ్చేసరికి గంట దాటింది. అమ్మ ఈసారే ఎక్కువ మురిసిపోయింది.