డిక్కీలో ఉయ్యాల పడుతుందా?

కారు కొంటున్నామనగానే వినుకొండలో మావాళ్ళంతా అడిగింది డిక్కీ గురించే. ఉయ్యాల పడుతుందా, బారసాల సామాను పడుతుందా? నాకింకా నెల తప్పలేదు. కారు మాత్రం అప్పుడే తల్లైపోయింది.

నాకు బండి నడపడం ఇష్టం. నరసరావుపేట దాటాక గుంటూరు వైపు రోడ్డు ఖాళీగా దొరికితే, ఆ కాసేపూ నేనెవరి భార్యనీ కోడలినీ కాను. ఈ ఇష్టం మగపిల్లవాడిదైతే సరదా అంటారు, ఆడదానిదైతే దూకుడంటారు.

లెక్కలూ చూశాను. 2024కి ముందటి తరం స్విఫ్ట్ డిక్కీ 268 లీటర్లు, ఆల్ట్రోజ్‌ది 345. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకి ఆల్ట్రోజ్‌కి 2020లో ఐదు నక్షత్రాలొచ్చాయి, స్విఫ్ట్‌కి 2022లో ఒక్కటే. (ఈలోగా పరీక్ష కఠినమైంది, అదీ చెప్పాలి.) అయితే ఆ నక్షత్రాలు ఏ శరీరాన్ని కొలిచి ఇచ్చినవి? గుద్దుడు పరీక్షల్లో కూర్చోబెట్టే బొమ్మ చాలాకాలం సగటు మగవాడి కొలతలదే. ఆడబొమ్మ అన్నదీ చాలావరకు దాన్ని కుదించి చేసిందే. ఒకేరకం ప్రమాదాల్లో, బెల్టు పెట్టుకున్నా, మహిళా డ్రైవర్లు తీవ్రంగా గాయపడే అవకాశం మగవాళ్ళకన్నా 47 శాతం ఎక్కువని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో తేల్చారు. సాహిత్యంలో 'మానవుడు' ఎవరో వెతకడమే నా పరిశోధన. కారులోనూ అతనే కూర్చుని ఉన్నాడు.

చివరికి 2021 మోడల్ ఆల్ట్రోజ్ టర్బో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. వెనక పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలున్నాయి, ముందు 110 గుర్రాల బలం ఉంది. ఆర్సీ నా పేరునే. కాన్పయ్యాక తాళంచెవి ఎవరి దగ్గరుంటుందన్నది మాత్రం మేమిద్దరం ఇంకా మాట్లాడుకోలేదు.